మూడు కీబోర్డులు, ఒకే చేయి

రాజ్యాలు ఎప్పుడు లేచాయో, ఎప్పుడు కూలాయో పూసగుచ్చినట్టు రాసిపెట్టిన చరిత్రకారులు ఒక ముఖ్యమైన సంగతిని మాత్రం గాలికొదిలేశారు. మా వీధి చివర, జిరాక్సు దుకాణం పక్కనున్న ఎనిమిదడుగుల గదిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఒక ప్రశ్న అడగకుండా ఒక్క కీబోర్డు కూడా విప్పబడలేదు. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి, రోడ్డు రెండుసార్లు వెడల్పయింది, మూడుసార్లు తవ్వబడింది. ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్న ఇది:

"ఏం ఒలికింది?"

అడిగేది మీటల మేస్త్రి. ఆయనకో సొంత పేరుందని కరెంటు బిల్లు చెబుతుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన కూడా వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తాడు. కీబోర్డులు బాగుచేయడం ఆయన వృత్తి. మిగతా కంప్యూటరు కూడా చూస్తాడు, కానీ అల్లుణ్ణి చూడటానికి వెళ్లి వియ్యంకుణ్ణి పలకరించినట్టు చూస్తాడు. ఆయన మనసంతా మీటల మీదే.

ప్రశ్నకు వచ్చే జవాబు కూడా ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో మారలేదు. "ఏమీ ఒలకలేదండీ." బ్యాంకు ఆఫీసరు చెప్పినా, కాలేజీ ప్రిన్సిపాలు చెప్పినా అదే జవాబు, అదే అమాయకపు మొహం. మేస్త్రి వాదించడు. ఒక తెల్ల కాగితం పరుస్తాడు. కీబోర్డును దాని మీద బోర్లిస్తాడు. పాలు తాగిన పసిబిడ్డకు తేన్పు తెప్పించినట్టు వీపు మీద మూడుసార్లు తడతాడు. అప్పుడు సాక్ష్యాలు ఒక్కొక్కటే రాలతాయి: బిస్కెట్ల పొడి, పెన్సిలు పొట్టు, తలపిన్ను, ఎండిన కాఫీ చెక్కు. ఒకసారి ఒక పాలపన్ను రాలింది. ఆ కీబోర్డు తెచ్చిన పెద్దమనిషి తమ ఇంట్లో పిల్లలే లేరన్నాడు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు.

ఇన్నేళ్ల తేన్పుల మీదట మేస్త్రి ఒక సిద్ధాంతం చేశాడు. తప్పు ముందు మనిషిది. మనిషిది కాకపోతే మీటది. మీటది కూడా కాకపోతే తీగది. కంప్యూటరు లోపలి తప్పు అన్నది ఆయన జాబితాలో ఆఖరున, పెళ్లి కార్డులో దూరపు బంధువుల పేర్లలాగా, మర్యాద కోసం మాత్రమే ఉండేది.

ఈ మేస్త్రికి ఒక అక్క ఉండేది. ఊళ్లో అందరికీ ఆమె టైపు టీచరు. ఇరవై ఏడేళ్లు ఒక పొడుగాటి హాలులో పద్నాలుగు టైపు మిషన్లు పెట్టి, రెండు తరాల వాళ్ల వేళ్లను దారిలో పెట్టిన మనిషి. చేతిలో చెక్క స్కేలు ఉండేది. అది కాగితం మీద గీతలు గీసిన దాఖలా ఎక్కడా లేదు. పిల్లలు మీటలు చూసి కొట్టకుండా చేతుల మీద గుడ్డ కప్పేది. ఆమె మాత్రం నిమిషానికి అరవై ఐదు మాటలు కొడుతూ, కిటికీలోంచి కూరగాయల బండివాడితో బేరమాడగలిగేది. రెండింట్లోనూ తప్పు దొర్లేది కాదు.

తమ్ముణ్ణి కూడా ఆ హాల్లో కూర్చోబెట్టింది. అతను రెండు వారాలు నేర్చుకున్నాడు. మూడో వారం మొదట్లో అక్క అతని దగ్గరికొచ్చి, స్కేలు కిందపెట్టి, ఒరేయ్ నీకు మిషను కొట్టడం కన్నా మిషను తుడవడం బాగా వస్తుంది, లేచి నూనె గుడ్డ పట్టుకో అంది. తిట్టులా మొదలైన ఆ మాట అతనికి జీవితమైంది. ఆమె వేళ్లు ఆడించిన మిషన్లను అతను విప్పాడు, కడిగాడు, బిగించాడు. కంప్యూటర్లు రావడం మొదలవగానే అతని గది తెరుచుకుంది, టైపు మిషన్లు పూర్తిగా పోయాక ఆమె హాలు మూతపడింది. టైపు కొట్టడం మాత్రం అతనికి ఆఖరిదాకా రెండు చూపుడు వేళ్లే.

ఆమెకు యాభై తొమ్మిదో ఏట గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేసి, గడ్డతో పాటు స్వరపేటికను కూడా తీసేశారు. ప్రాణానికి ప్రస్తుతం భయం లేదని, రెండేళ్లు మాత్రం కనిపెట్టి ఉండాలని డాక్టరు చెప్పాడు. మాట మాత్రం ఇక రాదన్నాడు. ఇరవై ఏడేళ్లు ఒక హాలు నిండా మోగిన గొంతు అది.

తమ్ముడు ఏడవలేదు. మేస్త్రులు అలాంటప్పుడు స్క్రూ డ్రైవరు తీస్తారు. మూడు వారాల్లో తన చేత్తో ఒక్కో భాగం ఏరి తెచ్చి ఒక కంప్యూటరు కట్టాడు. టైపు చేసింది చేసినట్టు పైకి చదివే ప్రోగ్రాం అందులో పెట్టాడు. అక్క ముందు బల్ల మీద పెట్టి, మాట్లాడక్కా అన్నాడు.

ఆమె వేళ్లు విరుచుకుంది. కంప్యూటరులోంచి ఒక ఆడగొంతు, ఎత్తూ పల్లమూ లేకుండా, రైలు రాకపోకలు చెప్పినట్టు చెప్పింది:

"గొంతుకి రిటైర్మెంటు ఇచ్చారు. నాకెవరూ దండ వేయలేదు."

ఆ తర్వాత ఏడు నెలలు ఆ ఇంట్లో జరిగినంత సంభాషణ ఆమె మాట్లాడే రోజుల్లో కూడా జరిగి ఉండదు. మేస్త్రి సాయంత్రం కొట్టు కట్టేసి నేరుగా అక్క ఇంటికి వచ్చేవాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపలి నుంచి ఆ గొంతు, దొరగారు వేంచేశారు, కాళ్లు కడుక్కునే ఉద్దేశం ఏమైనా ఉందా, అని పలికేది. ఆ గొంతుకి ఆమె "ఆవిడ" అని పేరు పెట్టింది. ఆవిడకి కోపం తెలియదు, వెటకారం తెలియదు, అందుకే ఆవిడ నోట వెటకారం రెట్టింపు పదునుగా వచ్చేది. ఇంట్లో ఉన్న మూడో మనిషి ఆమె కూతురు. లైబ్రరీలో ఉద్యోగం, నెమ్మదస్తురాలు. అమ్మకి గొంతు పోయిందని నేను బెంగపెట్టుకుంటే ఇప్పుడు నాకు మాట్లాడే సందు దొరకట్లేదు మామయ్యా అని వాపోయేది. ఆమె ఆ మాట పూర్తిచేసేలోపే పక్కనుంచి ఆవిడ జవాబు వచ్చేసేది.

అది అరవై ఐదు మాటల వేగం మహిమ. మాటకి మాట అందాలంటే అంత వేగం కావాలి.

ఎనిమిదో నెలలో తమ్ముడు అక్కకి కొత్త కీబోర్డు తెచ్చాడు. మీటలు మెత్తగా, శబ్దం లేకుండా, వెన్న మీద వేలు పెట్టినట్టుండేవి. దానితో పాటు దాని డ్రైవరు కూడా ఎక్కించాడు. డ్రైవరంటే కీబోర్డుకీ కంప్యూటరుకీ మధ్య తిరిగే చిన్న ప్రోగ్రాం, ఇంచుమించు తపాలా బంట్రోతు. మీట నొక్కగానే "నొక్కారు" అని ఒక చీటీ, వేలు తీయగానే "వదిలారు" అని ఇంకో చీటీ పట్టుకెళ్లి లోపల ఇస్తుంది. రెండో చీటీ దారిలో పారేసుకుందంటే, మీట ఇంకా నొక్కే ఉందనుకుని కంప్యూటరు అదే అక్షరాన్ని వరసపెట్టి కొడుతుంది. మొదట్లో అది చీటీలేవీ పారేసుకోలేదు. నెలన్నర తర్వాత ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా, తనంతట తానే కొత్త మార్పులు దించుకుంది.

ఆ సాయంత్రం మేస్త్రి గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ, "తమ్ముడు వచ్చాడడడడడడడడ" అంది. అందరూ నవ్వారు. అక్క భుజాలు ఊగిపోయేలా నవ్వింది. ఆమె నవ్వుకి అప్పటికి శబ్దం లేదు.

మర్నాడు కూడా అదే వచ్చింది. ఆ మర్నాడు ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి రంగంలోకి దిగాడు. అలవాటు తప్పకుండా ఏం ఒలికిందని అడిగాడు. అక్క కళ్లెర్రజేసింది. బోర్లించి తట్టాడు, ఒక్క నలుసు కూడా రాలలేదు. ఒక్కో మీటా తన చూపుడు వేలితో నొక్కి చూశాడు. అన్నీ బుద్ధిగా ఒక్కో అక్షరమే పలికాయి. అక్క కూర్చుంటే మళ్లీ మొదటికొచ్చింది. కీబోర్డు మార్చాడు. అదే తీరు. తన దుకాణంలో నమ్మకమైనదిగా పేరుపడ్డ మూడోది తెచ్చి పెట్టాడు. అదే తీరు.

ఇక సిద్ధాంతం తన పని తాను చేసింది. మూడు కీబోర్డులకూ ఒకే జబ్బు ఉండదు. తన చేత్తో కట్టిన కంప్యూటరుకి జబ్బన్న మాటే లేదు. కీబోర్డులు మూడు మారినా మారనిది ఒకటే ఉంది.

"అక్కా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు" అన్నాడు. "నీ వేలు బరువెక్కింది. మీట మీద నుంచి టయానికి లేవట్లేదు. ఒక వేలు పూర్తిగా ఎత్తాకే రెండోది వెయ్యి."

ఆమె తమ్ముడి వంక చూడలేదు. తన రెండు చేతుల వంకా చూసుకుంది, పరీక్ష తప్పిన ఇద్దరు పిల్లల వంక చూసినట్టు. అతను చెప్పింది ఆమె క్లాసులో మొదటి వారం పిల్లలకు చెప్పే మాట. అతనికి తెలిసిన టైపు పాఠం కూడా అదొక్కటే.

ఆమె వేలు ఎత్తి ఎత్తి కొట్టింది. అక్షరాలు ఒక్కొక్కటే సరిగ్గా పడ్డాయి. ఒక్కటి కూడా అతుక్కోలేదు.

వైద్యం ఫలించిందని ఆ పూట ఇంట్లో సంతోషించారు. ఈ కథలో అన్నిటికన్నా దారుణమైన సంగతి ఆ సంతోషమే. తప్పుడు వైద్యం పనిచేయకపోతే దాని తప్పు బయటపడేది. ఇది పనిచేసింది.

డాక్టరుకి కూతురు ఈ సంగతి చెప్పింది. ఆయన తల పంకించి నరాల బిళ్లలు రాశాడు. వాటితో మధ్యాహ్నం దాకా ఆమెకు మగతగా ఉండేది. మళ్లీ మర్చిపోయి పాత వేగంతో కొట్టినప్పుడల్లా ఆవిడ నోట అక్షరం అతుక్కుపోయేది. ఆమె ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకునేది. వేగం పదిహేను మాటలకు పడిపోయింది. ఆ వేగంతో సమాచారం చెప్పొచ్చు గానీ వెటకారం చేయడం కుదరదు. ఆమె ఒక చురక టైపు చేసేసరికి ఇంట్లో మాటలు వేరే విషయంలోకి వెళ్లిపోయేవి. అప్పుడు ఆవిడ గదిలో ఒంటరిగా, ఎవరికీ సంబంధం లేని ఒక వాక్యం పలికేది. ఆమె చెప్పబోయేదేమిటో కూతురు ముందే ఊహించి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లా అమ్మా, ఫ్యానా, కిటికీ మూయనా. ప్రేమతోనే అనేది. అమ్మ తలూపేది. తలూపడానికి కీబోర్డు అక్కర్లేదు.

రెండో నెల చివర ఆమె తానే లేచి కీబోర్డు మీద ఒక తువ్వాలు కప్పేసింది. మేస్త్రి రోజూ వస్తూనే ఉన్నాడు. వచ్చి కూర్చునేవాడు, దుకాణం కబుర్లు చెప్పేవాడు, ఆమె వినేది. అక్కకి ఈ మధ్య శాంతం వచ్చిందని అతను బయట చెప్పుకున్నాడు. వయసు మీద పడింది కదా అని విన్నవాళ్లు అన్నారు.

అక్షరాలు అతుక్కోవడం మొదలైన నాటి నుంచి ఇలా నాలుగు నెలల పది రోజులు గడిచాయి. అప్పుడు, ఒక మధ్యాహ్నం, కోర్టులో వాంగ్మూలాలు టైపు చేసే ఒకామె తన కంప్యూటరునీ కీబోర్డునీ మోసుకుని మేస్త్రి దుకాణానికి వచ్చింది. అదే కంపెనీ వాళ్ల మెత్తటి మీటలు. అక్షరాలు అతుక్కుపోతున్నాయంది. మేస్త్రి ఏం ఒలికిందన్నాడు. ఏమీ లేదంది. తడితే నిజంగానే ఏమీ రాలలేదు. తన చూపుడు వేలితో నొక్కి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. దాంతో అతను, అమ్మా, వేలు బరువుగా పడుతున్నట్టుంది, ఎత్తి కొట్టండి అని మందు చెప్పాడు.

కోర్టు టైపిస్టు చేతి సంచి బల్ల మీద పెట్టింది. "రోజుకి ఆరు గంటలు కొడతానండీ. వేలు బరువైతే జడ్జి గారు నన్నెప్పుడో ఇంటికి పంపేవారు. లేవండి, మీ కుర్చీ ఇవ్వండి."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ కుర్చీలో వేరొకరు కూర్చోవడం అదే మొదలు. ఆమె తన కీబోర్డును దుకాణం కంప్యూటరుకి తగిలించి ఒక పేజీ కొట్టింది. ఒక్క అక్షరం అతుక్కోలేదు. దుకాణం కీబోర్డును తన కంప్యూటరుకి తగిలించి అదే పేజీ కొట్టింది. రెండో వరసలోనే అతుక్కుంది. చేతులు అవే, వేగం అదే. కీబోర్డులు అటువి ఇటు, ఇటువి అటు మారాయి. జబ్బు మాత్రం ఒక కంప్యూటరునే పట్టుకుని కదలకుండా కూర్చుంది.

అక్క ఇంట్లో తాను మూడు కీబోర్డులు మార్చాడు. అక్కని ఇంకో కంప్యూటరు ముందు ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు. ఈ సంగతి అతనికి అప్పుడు తట్టింది. కానీ సిద్ధాంతం అంత తేలిగ్గా చావదు.

"ఒక వేలు లేచాకే కదండీ రెండోది వెయ్యాలి?" అన్నాడు.

"అది మొదటి వారం పిల్లలకండీ. స్పీడు రావాలంటే ఒకటి లేస్తుండగానే రెండోది దిగిపోవాలి. మాకు చెప్పింది మీ అక్కగారే. మీకు చెప్పలేదా?"

చెప్పే అవసరం రాలేదు. ఆ పాఠం వచ్చేనాటికి అతను నూనె గుడ్డ పట్టుకుని ఉన్నాడు.

ఆపైన అంతా వరసగా విడిపోయింది. మేస్త్రి జాబితాలో ఆఖరున ఉన్న చోటికి వెళ్లాడు. ఆ డ్రైవరు తన కీబోర్డుకే కాక, ఆ కంప్యూటరుకి ఏ కీబోర్డు తగిలించినా దాని చీటీలన్నీ తన చేతుల మీదుగానే పోవాలని పట్టుబట్టి కూర్చుంది. కొత్త మార్పుల తర్వాత ఒక తప్పు చేస్తోంది: ఒక మీట వదిలేలోపు రెండో మీట నొక్కితే, మొదటి మీట తాలూకు "వదిలారు" చీటీని అప్పుడప్పుడు పారేస్తోంది. రెండు వేళ్లతో కొట్టేవాడికి ఈ జబ్బు జన్మలో కనపడదు. వేలెత్తి కొట్టే పిల్లలకి కనపడదు. చేయి బాగా తిరిగిన వాళ్లకే కనపడుతుంది. వేళ్లు ఎంత మంచివైతే అంత ఎక్కువగా కనపడుతుంది.

అతను దాన్ని తీసేశాడు. కంప్యూటరుతో పాటు వచ్చే మామూలు డ్రైవరును పెట్టాడు. టైపిస్టు నాలుగు పేజీలు గడగడా కొట్టి చూసుకుని, బాగయిందండీ అంది. అతను ఆమెను సాగనంపలేదు. షట్టరు దించుతూ ఉంటే ఆమే పక్కకి తప్పుకుంది.

అక్క మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. కూతురికి ఆ రోజు సెలవు. మేస్త్రి తువ్వాలు తీసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు, పని చేశాడు, లేచాడు. అక్కని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె నాలుగో కీబోర్డు తెచ్చాడనుకుని వద్దన్నట్టు తలాడించింది.

"కొట్టక్కా. మునుపటిలా, గబగబా."

ఆమె కొట్టింది. ఒక్కో వేలూ బురదలో నడిచే కొంగ కాలిలా పైకి లేచి, ఆగి, దిగింది. వేగంగా కొట్టమని అతను మళ్లీ చెప్పాడు. ఆమె ప్రయత్నించింది. వేళ్లు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. నలభై ఏళ్ల పాఠాన్ని తమ్ముడి మాట మీద ఆమె శ్రద్ధగా మర్చిపోయింది. ఆమె ఏ పనీ సగం సగం చేసే మనిషి కాదు.

అతను నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు నీ చేతిది కాదక్కా అన్నాడు. నేను పెట్టినదానిదే అన్నాడు. నీ చేయి బాగుండబట్టే అలా అయిందని కూడా చెప్పాడు.

ఆమె మీటల మీద చేతులు పెట్టింది. ఆవిడ పలికింది. ఆవిడకి ప్రశ్న అడిగే యాస రాదు.

"ఎన్నాళ్ల నుంచి."

"నాలుగు నెలల పది రోజులు."

మళ్లీ వేళ్లు లేచాయి, దిగాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు ఈసారి వాక్యాన్ని ఊహించలేదు. పూర్తయ్యేదాకా ఆగింది.

"నాకు అనిపించింది. యంత్రాల సంగతి నీకు తెలుస్తుంది కదా అని ఊరుకున్నాను."

మేస్త్రి తిట్టు కోసం ఎదురుచూశాడు. ఒక్క చురక చాలు, అతను బతికి బయటపడేవాడు. రాలేదు. ఆమె చేయి చాచి అతని భుజం మీద దుమ్ము దులిపి, మళ్లీ మంచం మీదకి వెళ్లి కిటికీ వైపు తిరిగింది.

మర్నాటి నుంచి ఆమె సాధన మొదలుపెట్టింది. తన క్లాసు పాఠాలే, మొదటి పేజీ నుంచి. తమ్ముడు దుకాణం మధ్యాహ్నమే కట్టేసి వచ్చి పక్కన కూర్చుని గడియారం చూసేవాడు. పదిహేను పద్దెనిమిదయింది, పద్దెనిమిది ఇరవై రెండయింది. పదిహేడో రోజున జ్వరం వచ్చింది. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పాకిందని ఆస్పత్రిలో చెప్పారు. అతను అక్కడికి ఒక చిన్న కంప్యూటరు మోసుకెళ్లాడు గానీ ఆమె కుడిచేతికి సూది ఉంది, ఎడమచేతిని కూతురు పట్టుకుని ఉంది. తొమ్మిదో రోజు పొద్దున ఆమె పోయింది.

ఆమె టైపు చేసిందంతా ఆ కంప్యూటరు దాచిపెట్టిందని తర్వాత తెలిసింది. కూతురు జిరాక్సు దుకాణంలో ఇచ్చి కాగితాల మీద అచ్చు వేయించింది. జబ్బు లేని రోజులవి నాలుగు వందల పన్నెండు పేజీలు వచ్చాయి. ఆ నాలుగు నెలల పది రోజులవి రెండు పేజీలు వచ్చాయి. వాటిలో మొదట కొన్ని చురకలు, ఆ తర్వాత నీళ్లు, లైటు, వద్దు అని ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువసార్లు సరే అని ఉంది.

మేస్త్రి కీబోర్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. పదకొండు పేజీలు, రెండు చూపుడు వేళ్లతో, ఆరు రోజులు పట్టింది. చీటీ ఎక్కడ పడిపోతోందో, ఏ వేగం దగ్గర పడిపోతోందో, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కితే పడిపోతోందో పట్టికలు వేసి, గీతలు గీసి, తేదీలతో సహా నిరూపించాడు. అక్క గురించి ఒక పేరా రాసి కొట్టేశాడు. జవాబు మూడు వాక్యాల్లో వచ్చింది. ఈ సమస్య తమ దృష్టిలో ఉందని, తర్వాతి మార్పుల్లో సరిచేశామని, తమ వస్తువును వాడుతున్నందుకు కృతజ్ఞతలని అందులో ఉంది.

ఆ రోజు అక్క ఇంట్లో ఆ డ్రైవరును తీసి మామూలుదాన్ని పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవడానికే పోయాయి.